‘అమ్మ’ అన్న పిలుపు: హిజ్రా కుటుంబంలో మాతృత్వం – ఒక నైతిక పరిశీలన

హిజ్రా సమాజంలో దేశమంతటా చెప్పుకునే ఒక రామకథ ఉంది. వాల్మీకి రామాయణంలో అది కనిపించదు. అరణ్యవాసానికి బయలుదేరిన రాముణ్ని ప్రజలు ఊరి పొలిమేర దాటి వెంబడిస్తారు. స్త్రీలూ పురుషులూ అందరూ ఇళ్లకు మరలిపొమ్మని ఆయన కోరతాడు. ఆ రెండు మాటల్లో తమ పేరు వినిపించనివారు మరలిపోరు. పద్నాలుగేళ్లూ అక్కడే నిలిచిపోతారు. తిరిగి వచ్చిన రాముడు వారి నిరీక్షణకు చలించి, వారి దీవెన ఫలిస్తుందని వరమిస్తాడు. పెళ్లింటా పురిటింటా తాము దీవించడానికి ఈ వరమే ఆధారమని హిజ్రాల విశ్వాసం.

భద్రాచలం నుంచి పర్ణశాల వరకు ఉన్న అడవిదారిలో రాముడు వనవాస కాలంలో కాపురమున్నాడని నమ్మే ప్రజల మధ్య ఈ కథను చదివినప్పుడు ఒక వైరుధ్యం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇతరుల బిడ్డను దీవించే అధికారం వీరికి దక్కింది. ఒక బిడ్డను పెంచి ‘అమ్మా’ అనిపించుకొనే అధికారం దక్కలేదు. లోకం మొదటిదాన్ని పండుగ మర్యాదగా అంగీకరించి, రెండోదాన్ని అనుమానంతో చూసింది. కొన్నిచోట్ల నేరంగా శిక్షించింది. మాతృత్వం దేనివల్ల ఏర్పడుతుంది, అది శరీరానికి సంబంధించిన విషయమా, చేసిన సేవకు దక్కే పేరా, లేక మరొకటా అన్న ప్రశ్నను ఈ వైరుధ్యం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ట్రాన్స్ మహిళలందరూ హిజ్రా సంప్రదాయంలో ఉండరు. అయితే రక్తసంబంధం లేని మాతృత్వానికి ఆచారమూ పరిభాషా ఏర్పరచుకున్న సమాజం కనుక చర్చకు ఆ కుటుంబాన్నే ప్రధానంగా తీసుకుంటున్నాను.

చట్టం భయపడిన ఒడి

1871లో వలస ప్రభుత్వం చేసిన నేరస్థ తెగల చట్టంలో రెండో భాగం హిజ్రాలకు సంబంధించినది. వాయవ్య రాష్ట్రాలు, పంజాబు, అవధ్ ప్రాంతాలకు వర్తించిన ఆ భాగం ప్రకారం, ‘నపుంసకుడు’గా రిజిస్టరులోకి ఎక్కిన వ్యక్తి మైనరుకు సంరక్షకుడిగా ఉండకూడదు, దానం చేయకూడదు, వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు. ఈ నాలుగు నిషేధాలను పక్కపక్కన పెట్టి చూస్తే వాటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటేనని అర్థమవుతుంది. ఆ వ్యక్తికి ముందుతరం ఉండకూడదు. పెంచిన బిడ్డ గాని, ఆస్తి అందుకొనే వారసులు గాని మిగలకూడదు. ఒక మనిషిని శిక్షించడంతో ఆగక, ఆ మనిషి నుంచి మరొకరికి ప్రేమ గాని సొత్తు గాని ప్రవహించే దారులన్నిటినీ మూసివేయడం ఇది.

నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఇదే నమూనాలో నపుంసకుల చట్టం వచ్చింది. హైదరాబాద్ నగరంలోనూ ప్రభుత్వం పేర్కొనే ఇతర చోట్లా హిజ్రాల పేర్లతో రిజిస్టరు ఉంచాలన్నది అందులో ఒక నిబంధన. ఆడవేషంతో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. పదహారేళ్లలోపు బాలుడు వారి ఇంట్లో గాని అధీనంలో గాని ఉంటే జైలుశిక్ష విధించవచ్చు. నాడు ఖమ్మం వరంగల్లు జిల్లాలో భాగంగా నిజాం ఏలుబడిలో ఉండేది. గోదావరికి ఆవలి భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1959లో గాని అది ఖమ్మం జిల్లాలో చేరలేదు. అందుచేత ఒక పసివాణ్ని చేరదీసి అన్నం పెట్టడం నదికి ఈవల నేరమయ్యే అవకాశం ఉండగా, ఆవల ఆ చట్టానికి చోటే లేదు. మాతృత్వం ప్రకృతి ధర్మమనీ, దానిలో మార్పు ఉండదనీ వాదించేవారు ఒక నది వెడల్పులో మారిపోయిన ఈ ధర్మం గురించి ఆలోచించవలసి ఉంటుంది.

ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జూలైలో. అంటే వందేళ్లకు పైగా అది చట్టాల పుస్తకంలో మిగిలి ఉంది. దాని వెనుక ఉన్న భయాన్ని తేలికగా తీసివేయడం మాత్రం న్యాయం కాదు. పిల్లలను అపహరించి బలవంతంగా అంగచ్ఛేదం చేస్తారన్నది నాటి పాలకుల ఆరోపణ. అటువంటి పని ఎవరు చేసినా ఘోరమైన నేరమే. కాని చట్టం శిక్షించినది ఆ పనిని మాత్రమే కాదు. బాలుడు ఇంట్లో ఉండడాన్నే నేరం చేసింది. ఆకలితో వచ్చినవాణ్ని చేరదీసిన చేతికీ అపహరించిన చేతికీ మధ్య ఉన్న తేడాను చూడడానికి అది నిరాకరించింది. వందేళ్ల తరవాత కూడా రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒక హిజ్రా పక్కన చిన్నపిల్ల కనిపిస్తే చుట్టూ ఉన్నవారి చూపులో అదే నిరాకరణ తొంగిచూస్తుంది.

రాధ, భంగాస్వనుడు

కన్నదే తల్లి అన్న నిర్వచనానికి మన సాహిత్య సంప్రదాయం ఎన్నడూ పూర్తిగా కట్టుబడలేదు. యశోద ఉదాహరణ అందరికీ తెలిసినదే కనుక దాన్ని విడిచిపెడుతున్నాను. సమ్మక్క కథలోనూ, అడవిలో పులుల నడుమ దొరికిన పసిపిల్లను కోయదొరలు తెచ్చి పెంచుకుంటారు. ఆమెను కన్నది ఎవరన్న ప్రశ్న మేడారం భక్తులకు అవసరం కాలేదు. యువనాశ్వుడి కథ ఇంకా విచిత్రమైనది. మంత్రజలం తాగిన రాజు కడుపు చీల్చుకొని మాంధాత పుడతాడు. పాలిచ్చేదెవరని అందరూ చింతిస్తుంటే ఇంద్రుడు తన వేలిని బిడ్డ నోటికి అందిస్తాడు. కన్నవాడు తండ్రి, పాలిచ్చినవాడు దేవుడు. ఆ బిడ్డ లోకాన్నేలే చక్రవర్తి అవుతాడు. కథలో ఎవరూ దీన్ని అపచారంగా భావించరు.

కాని ఈ చర్చకు నిజంగా ఉపకరించే పాత్ర రాధ. సంస్కృత మహాభారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి అతని జన్మరహస్యం తెలిపి పాండవపక్షానికి రమ్మంటాడు. కర్ణుడు ఇచ్చే సమాధానంలో పెద్ద సిద్ధాంతమేదీ లేదు. తన మీది ప్రేమతో రాధ స్తనాల్లో పాలు వచ్చాయని అంటాడు. తన మలమూత్రాలు ఎత్తిపోసింది ఆమె అంటాడు. అధిరథుడు తనకు జాతకర్మ చేయించాడనీ, పెళ్లిళ్లు చేశాడనీ చెబుతాడు. ఈ బంధాన్ని రాజ్యం కోసం గాని భయంతో గాని కాదనలేనంటాడు. ఇక్కడ గమనించదగినది వాదక్రమం. శరీరధర్మమైన పాలు ప్రేమకు కారణం కాలేదు. ప్రేమ పాలకు కారణమైంది. కన్నందువల్ల తల్లి శరీరం సిద్ధమవుతుందన్న క్రమాన్ని కర్ణుడు తలకిందులు చేశాడు.

అయితే సేవ ఒక్కటే మాతృత్వమా? అలాగైతే కూలి తీసుకొని బిడ్డను సాకే దాదికీ తల్లికీ తేడా ఉండదు. కర్ణుడి మాటల్లో సేవతో పాటు మరో రెండు అంశాలున్నాయి. ఒకటి, ఆ బాధ్యతకు రాధ గడువు పెట్టలేదు. రెండు, ఆమెను తల్లిగా పలికినవాడు కర్ణుడే. కృష్ణుడు సాక్ష్యం చెప్పినా, తరవాత కుంతి స్వయంగా వచ్చి అడిగినా, అతడు రాధేయుడుగానే మిగిలాడు. తల్లి అన్న హోదాను ఎవరికి వారు ప్రకటించుకోలేరు, మూడోవారు ప్రదానం చేయలేరు. పెరిగినవారి పిలుపులో అది నిలబడుతుంది. నా వాదానికి ఇదే కేంద్రం.

ఇక్కడొక ప్రమాదం పొంచి ఉంది. అనుశాసన పర్వంలోని భంగాస్వనుడి కథ దాన్ని చూపిస్తుంది. నూరుగురు కొడుకులున్న రాజు ఇంద్రుడి కోపం వల్ల స్త్రీగా మారి, ఒక తాపసి ఆశ్రమంలో మరో నూరుగురిని కంటాడు. ఇంద్రుడు వారందరి మధ్య కలహం పెట్టి చంపిస్తాడు. చివరకు కరుణించి, ఏ నూరుగురిని బతికించాలో కోరుకొమ్మంటాడు. స్త్రీగా కన్నవారిని బతికించమని ఆమె కోరుతుంది. పురుషుడి కంటే స్త్రీకి బిడ్డల మీద ప్రేమ ఎక్కువ అంటుంది. ఇంద్రుడు మెచ్చి అందరినీ బతికిస్తాడు. మళ్లీ పురుషుడివి అవుతావా అంటే, స్త్రీగానే ఉంటానంటుంది. ఈ కథను ప్రస్తావించేవారు సాధారణంగా ఆమె స్త్రీత్వాన్ని కోరుకోవడానికి చెప్పిన చివరి కారణం, అంటే సంభోగసుఖం, దగ్గరే ఆగిపోతారు. మధ్యనున్న ప్రశ్నే నాకు ముఖ్యంగా తోస్తుంది. ఒకే వ్యక్తి రెండు వందలమందికి జన్మకారణం. ప్రేమలో తేడా వచ్చింది. దానికి స్త్రీ స్వభావమే కారణమని ఆమె చేత కథ చెప్పించింది. నిజానికి మొదటివారు రాజ్యంలో రాజకుమారులుగా ఉన్నారు. రెండోవారు ఆశ్రమంలో ఆమె దగ్గరున్నారు. పెంపకం చేసిన పనిని స్త్రీ స్వభావం ఖాతాలో వేశారని చదవడానికి కథలోనే చోటుంది.

ఈ తేడా చిన్నది కాదు. ట్రాన్స్ మహిళ ఒక బిడ్డను పెంచిందని తెలిసినప్పుడు పత్రికలు, సినిమాలు ఆమెను పొగిడే తీరు చూడండి. బిడ్డను పెంచింది కనుక ఆమె నిజంగా స్త్రీయే అన్న ధ్వని ఆ పొగడ్తలో వినిపిస్తుంది. అంటే మాతృత్వం స్త్రీత్వానికి ధ్రువపత్రం అయింది. అప్పుడు బిడ్డ లేని ట్రాన్స్ మహిళ గతి ఏమిటి? పిల్లలు కలగని, పిల్లలు వద్దనుకున్న ఏ స్త్రీ గతి అయినా ఏమిటి? గొడ్రాలు అన్న మాటతో తరతరాలుగా ఆడవాళ్లను కాల్చుకుతిన్న తర్కమే ఇక్కడ అభినందన వేషంలో తిరిగి వస్తోంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఈ తర్కం నేరుగా వచ్చింది. పిల్లలను కనలేదు కనుక ట్రాన్స్ మహిళ పూర్తి అర్థంలో స్త్రీ కాదనీ, భర్తా అత్తింటివారూ పెట్టే హింసకు సంబంధించిన 498ఏ సెక్షను కింద ఫిర్యాదు చేయలేదనీ ఎదుటిపక్షం వాదించింది. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదాన్ని తిరస్కరించారు. నిర్దిష్టమైన ఆరోపణలు లేవన్న కారణంతో కేసు కొట్టివేశారు గాని, స్త్రీత్వాన్ని ప్రసవంతో ముడిపెట్టడం కుదరదన్నారు. తీర్పు స్త్రీత్వం వైపు నుంచి ఆ ముడి విప్పింది. మాతృత్వం వైపు నుంచి విప్పవలసిన పని ఇంకా ఉంది.

క్రియాపదం దగ్గర

పిలుపు గురించి మాట్లాడుతున్నప్పుడు మన భాష వ్యాకరణాన్ని పక్కన పెట్టలేము. చిన్నయసూరి బాలవ్యాకరణం మహత్తును ఎదురునుంచి నిర్వచించింది: స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులు. మిగిలినవన్నీ అమహత్తులు. అందుకే ‘వాడు వచ్చాడు’ అన్నచోట పురుషుడు విడిగా నిలుస్తాడు. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బండి వచ్చింది’ అన్నవాటికి క్రియ ఒకటే. అడవి అంచున వినిపించే కోయ భాషలోనూ విభజన పురుషుడికీ పురుషేతరానికీ మధ్యనే. ‘వచ్చిండు’ అనిపించుకుంటూ పెరిగిన వ్యక్తి ‘వచ్చింది’ అనమని ఇంట్లోవారిని కోరడం అంటే, వ్యాకరణం మహత్తన్న స్థానం నుంచి దిగి రావడానికి సిద్ధపడడం. ఆ కోరికను కొంటెతనమని కొట్టిపారేసేవారు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు.

తెలుగుకు మరో దారి కూడా ఉంది. గౌరవవాచకానికి లింగం లేదు. ‘డాక్టరుగారు వచ్చారు’ అంటే వచ్చినది ఎవరో క్రియ చెప్పదు. ఖమ్మంలో పుట్టిన డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారిగా చేరినప్పుడు, అదే నియామకంలో చేరిన డాక్టర్ ప్రాచీ రాథోడ్‌తో పాటు, రాష్ట్రంలో ప్రభుత్వ వైద్యులైన తొలి ట్రాన్స్ మహిళలుగా గుర్తింపు పొందారు. చదువు, ఉద్యోగం ఉన్నవారికి సమాజం ఇలా ‘గారు’ అన్న మాట చాటున చోటు కల్పిస్తుంది. ఇంట్లో ఆ చాటు పనికిరాదు. అన్నానికి పిలిచేటప్పుడు తల్లి గౌరవవాచకం వాడదు. ఏకవచనంలో, ఏదో ఒక క్రియతో పిలవక తప్పదు. పుస్తక భాషలో ‘బిడ్డ’ ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానం. తెలంగాణ వాడుకలో ‘నాకొక కొడుకు, ఒక బిడ్డ’ అన్నప్పుడు అది కూతురే. ట్రాన్స్ సంతానమున్న తల్లికి ఈ ఒక్క మాట రెండు అర్థాల మధ్య కొంతకాలం నిలబడడానికి అవకాశమిస్తుంది. మొదట పిల్ల అన్న అర్థంలోనూ, ఎప్పుడో తెలియకుండానే కూతురన్న అర్థంలోనూ ‘బిడ్డా’ అనగలదు. కన్నతల్లి కూడా ఇక్కడ రెండోసారి తల్లి కావలసి వస్తోంది. మొదటిసారి శరీరం చేసిన పనిని రెండోసారి నాలుక చేయాలి. ఆ పని చేయలేని ఇంటి నుంచే పిల్లలు వెళ్లిపోతున్నారు.

పాలు, అప్పు, నలభై రోజులు

వెళ్లినవారు చేరే ఇల్లు ఎటువంటిది? గురువు, చేలా, గురువుకు గురువైన నాని, చేలాకు చేలా అయిన నాతిచేలా అన్న వరుసల మీద హిజ్రా కుటుంబం నిర్మితమైంది. హైదరాబాదు హిజ్రాల జీవితంపై గాయత్రీ రెడ్డి 2005లో ఆంగ్లంలో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ వరుసలను విపులంగా చర్చించింది. గురు-చేలా బంధంతో పాటు, పాలు సాక్షిగా కుదిరే తల్లీకూతుళ్ల బంధం కూడా ఉందని ఆ గ్రంథం ద్వారా తెలుస్తుంది. మొదటిది అధికారానికీ వారసత్వానికీ సంబంధించినది. రెండోదానికి మూలం మమత. రాధకు ప్రేమతో వచ్చిన పాలు ఇక్కడ ఆచారంగా మారాయి.

పరిభాష నిండా పురిటిల్లే. సంప్రదాయంలో నిర్వాణమనే శస్త్రక్రియ చేసే పెద్దను దాయమ్మ అంటారు, అంటే మంత్రసాని. తరవాత నలభై రోజులు బాలింతకు చేసినట్టే పథ్యం, స్నానం, కాపలా. అక్కడ బిడ్డా బాలింతా ఒకరే. తనకు తాను పుట్టిన మనిషిని చుట్టూ ఉన్నవారు సాకుతారు. పుట్టింటివారు పుట్టుకను కాదన్నప్పుడు మరో పుట్టుకకు కావలసిన సరంజామా అంతా ఈ సమాజం సమకూర్చుకుంది.

ఈ ఇంటిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. అందులో సొంత అన్నదమ్ముల చేతి దెబ్బలున్నాయి, హిజ్రా పెద్దల ఆంక్షలూ ఉన్నాయి. గురువుకు సంపాదన అప్పగించవలసిన చేలా, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారాలంటే తీర్చవలసిన అప్పు, తప్పు చేస్తే జరిమానా – ఇవన్నీ ఆ వ్యవస్థలో భాగాలు. ‘అమ్మ’ అన్న పిలుపు వెనుక ఎంత మమత ఉంటుందో అంత వసూలు కూడా ఉండవచ్చు. కాని ఈ మాట రక్తసంబంధమున్న కుటుంబానికి వర్తించదా? కూతురి కూలిడబ్బు తీసుకొనే తల్లి, కట్నం బేరమాడే తల్లి మన కథాసాహిత్యానికి కొత్త కాదు. అక్కడ దోపిడీ కనిపిస్తే ఆ తల్లిని తప్పుపడతాము, మాతృత్వాన్నే రద్దు చేయము. హిజ్రా గురువు విషయంలో మాత్రం ఒకరి దోపిడీ మొత్తం బంధానికి చెల్లుచీటీ అవుతుంది. ఒకే తప్పుకు రెండు కొలతలు వాడడంలోనే అన్యాయం ఉంది.

ప్రేమ గురించిన మాట కూడా ఇక్కడే చెప్పాలి. ట్రాన్స్ మహిళ, పురుషుడు చేసుకొనే పెళ్లిని హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయాలని 2019లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా అటువంటి జంటలకు ఉన్న చట్టాల కింద పెళ్లిచేసుకొనే హక్కు ఉందని అంగీకరించింది. పెళ్లి రూపంలో వచ్చిన ప్రేమను గుర్తించడానికి న్యాయస్థానాలకు పెద్ద కష్టం కలగలేదు. దానికి ముందే అచ్చు సిద్ధంగా ఉంది. పెళ్లి గాని పుట్టుక గాని లేకుండా ఇరవయ్యేళ్లు ఒకే పొయ్యి మీద వండుకు తిన్న ఇద్దరు మనుషుల మధ్య ఉన్న తల్లీబిడ్డల ప్రేమకు ఏ అచ్చూ లేదు.

మూడో ఇల్లు

2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం కుటుంబాన్ని నిర్వచించింది: రక్తసంబంధం, వివాహం, చట్టబద్ధమైన దత్తత. ఈ మూడింటితో ముడిపడినవారే కుటుంబం. ఎవరి రక్షణ కోసం చట్టం వచ్చిందో వారు తరతరాలుగా నిలుపుకున్న కుటుంబానికే అందులో చోటు లేదు. దీని ఫలితం పన్నెండో సెక్షనులో కనిపిస్తుంది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను కన్నవారి నుంచి, దగ్గరి కుటుంబం నుంచి న్యాయస్థానం ఆజ్ఞ లేకుండా వేరుచేయరాదు. ఆ కుటుంబం చూసుకోలేని పక్షంలో న్యాయస్థానం పునరావాస కేంద్రానికి పంపాలి. ఇల్లు లేదా కేంద్రం. కొట్టే అన్న ఉన్న ఇంటికీ, పేరు తెలియని ఉద్యోగులుండే భవనానికీ మధ్య మూడో ఇంటిని చట్టం ఊహించలేదు. 2025 మేలో మద్రాసు హైకోర్టు ఇద్దరు స్త్రీల సహజీవనానికి సంబంధించిన కేసులో, కుటుంబం ఏర్పడడానికి వివాహం ఒక్కటే మార్గం కాదని, ఎంచుకున్న కుటుంబమన్న భావనకు న్యాయశాస్త్రంలో స్థానముందని పేర్కొన్నది. అది వయసు వచ్చినవారి మాట. మైనరుకు సంబంధించి అటువంటి ఊహ ఇంకా రాలేదు.

మైనరు విషయంలో జాగ్రత్త అవసరమే. యాచనకు గాని లైంగిక వ్యాపారానికి గాని దింపుతున్నారా, శస్త్రక్రియకు తొందరపెడుతున్నారా, బడికి పంపుతున్నారా అన్నది విచారించవలసిందే. ఏ సంరక్షకుడి విషయంలోనైనా న్యాయస్థానం అడిగే ప్రశ్నలే అవి. ఆ విచారణకు నిలబడే అవకాశమైనా ఆ ఇంటికి ఉండాలన్నదే ఇక్కడ వాదం. విచారణకు ముందే గడప బయట నిలబెట్టడం 1919 నాటి ఆలోచనకు కొనసాగింపు. రెండు మార్గాల మధ్య నిర్ణయించేటప్పుడు బిడ్డను అడగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది: నువ్వు ఎవరిని అమ్మా అంటావు? కర్ణుణ్ని కృష్ణుడు ఆ ప్రశ్న అడగలేదు. కర్ణుడే అడిగించుకోకుండా చెప్పాడు. పదిహేనేళ్ల పిల్లకు న్యాయమూర్తి ముందు ఆ ధైర్యం ఉండదు. అడగాలి.

ఖమ్మం నుంచి గాని, కొత్తగూడెం నుంచి గాని అర్ధరాత్రి పెద్దాసుపత్రికి ఒక ట్రాన్స్ యువతిని తెచ్చారనుకుందాం. ఆపరేషనుకు సంతకం కావాలి. తెచ్చినది ఆమెను పన్నెండేళ్లుగా సాకిన గురువు. కన్నవారు ఫోను ఎత్తడం లేదు. కాగితం మీద ‘రోగితో సంబంధం’ అన్న గడి ఉంటుంది. స్పృహ తప్పకముందు ఆ యువతి అన్న చివరి మాట ‘అమ్మా’ అనే. గురువు ఆ గడిలో అదే రాస్తుంది. గుమాస్తా కాగితం వెనక్కి తోసి, రికార్డుల్లో తల్లి పేరు వేరుగా ఉంది కదా అని అడుగుతాడు. ఆమె చెప్పేది అబద్ధమా అన్నది అప్పుడు ప్రశ్న. రాధ సంతకానికి వచ్చి ఉంటే అదే గుమాస్తా ఆమెనూ అదే అడిగి ఉండేవాడు.